యజమాని వెంబ్లీకి రాకపోతే ఏం పోయింది? (2024 మహిళల ఎఫ్‌ఏ కప్ ఫైనల్ మీద, 2024 జులైలో జరిగిన చర్చ)

సాల్ఫోర్డ్ సుబ్బడు:

రెండు నెలలుగా మనసులో నలుగుతున్న విషయం, ఇక్కడ పెడుతున్నా. తిట్టుకోకుండా మాట్లాడుకుందాం.

మే 12, ఆదివారం. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో మహిళల ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం, అంటే ఎఫ్‌ఏ, నడిపే పోటీ) ఫైనల్. మాంచెస్టర్ యునైటెడ్ 4, టోటెన్‌హామ్ 0. నేనూ, తొమ్మిదేళ్ల మా అమ్మాయీ పొద్దున్నే ట్రైన్ ఎక్కి వెళ్లాం. స్టేడియంలో 76,082 మంది. యునైటెడ్ మహిళల జట్టు గెలిచిన మొదటి పెద్ద కప్పు అది. ముందు ఏడాది ఇదే ఫైనల్లో చెల్సీ చేతిలో 1-0తో ఓడి ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

అదే రోజు మాంచెస్టర్‌లో, యునైటెడ్ సొంత గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పురుషుల జట్టుకి ఆర్సెనల్‌తో లీగ్ మ్యాచ్. ఫైనల్ రెండున్నరకి, ఇది నాలుగున్నరకి. ఫిబ్రవరిలో క్లబ్‌లో నాలుగో వంతుకు పైగా వాటా కొని, ఆట వ్యవహారాలన్నీ చేతిలోకి తీసుకున్న సర్ జిమ్ రాట్‌క్లిఫ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కే వెళ్లాడు. వెంబ్లీకి క్లబ్ తరఫున వేరేవాళ్లు వచ్చారు.

తర్వాత జూన్‌లో ఒక ఇంటర్వ్యూలో మహిళల జట్టు సంగతి అడిగితే, ఆ వివరాల్లోకి ఇంకా వెళ్లలేదని, ఇప్పటిదాకా ఫస్ట్ టీమ్ సమస్యల మీదే ఉన్నామని అన్నాడు. ఫస్ట్ టీమ్ అంటే మగవాళ్లదే అన్నమాట. ఆ వెంటనే కారింగ్టన్ ట్రైనింగ్ గ్రౌండ్ వార్త. పురుషుల బిల్డింగ్‌ని 5 కోట్ల పౌండ్లు పెట్టి బాగుచేస్తున్నారు. పని అయ్యేదాకా వాళ్లు మహిళల బిల్డింగ్ వాడుకుంటారు, మహిళలు తాత్కాలిక క్యాబిన్లలోకి మారాలి.

ఇది చిన్నచూపు కాక ఇంకేంటి? లేక నేనే గోరంతని కొండంత చేస్తున్నానా? ఈ మూడూ కలిపి చూస్తే నాకు మొదటిదే అనిపిస్తోంది.

వైజాగ్ రెడ్:

అన్నా, నేనూ యునైటెడ్ ఫ్యానే, పాతికేళ్ల నుంచి. కోపం పక్కనపెట్టి చూడు.

మే 6న క్రిస్టల్ ప్యాలెస్ మన పురుషుల జట్టుని 4-0తో చితక్కొట్టింది. లీగ్‌లో ఎనిమిదో స్థానంలో ఉన్నాం. కోచ్ ఉంటాడా పోతాడా అని ప్రపంచమంతా మాట్లాడుకుంటోంది. ఆరు రోజులకే సొంత గ్రౌండ్‌లో ఆర్సెనల్, అది కూడా టైటిల్ రేసులో ఉన్న ఆర్సెనల్. అప్పుడే పగ్గాలు పట్టిన మనిషి ఎక్కడ ఉండాలి? ఇల్లు కాలుతుంటే పక్కూరి పెళ్లికి వెళ్తామా?

ఇంకో మాట చెబితే కొడతారు, అయినా చెబుతా. క్లబ్ ఏడాది ఆదాయం దాదాపు 65 కోట్ల పౌండ్లు. అందులో మహిళల జట్టు తెచ్చేది ఎంత? వాళ్ల జీతాలు, ఆ బిల్డింగ్, ఆ బస్సు, అన్నీ పురుషుల మ్యాచ్ టీవీ డబ్బుల్లోంచే. సంపాదించే కొడుకు జ్వరంతో పడుకుంటే ముందు వాణ్ణి చూడాలా వద్దా?

గోడ మీద పిల్లి:

"పక్కూరి పెళ్లి" అన్నావు చూడు, అక్కడే దొరికిపోయావు తమ్ముడూ. ఆ రోజు పెళ్లి సొంత కూతురిది.

నార్త్ లండన్ నాని:

టోటెన్‌హామ్ వాణ్ణి, ఓ మూల నుంచి మాట్లాడతా. మా మహిళల జట్టు ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఆడటం అదే మొదటిసారి. మా మగవాళ్ల మ్యాచ్ ముందు రోజు శనివారమే అయిపోయింది కాబట్టి మాకు ఈ తలనొప్పి లేదు. ఉన్న తలనొప్పి వేరే.

మొదటి సగం అయిపోతోంది, 0-0తో లోపలికి వెళ్లిపోతాం అనుకుంటున్నాం. ఇంజ్యురీ టైమ్‌లో మీ ఎల్లా టూన్ బంతి అందుకుని, మా డిఫెండర్ని తప్పించుకుని, పెనాల్టీ బాక్స్ బయట నుంచే పై మూలకి వంచి కొట్టింది. మా గోల్‌కీపర్ గాల్లోకి లేచింది గానీ లాభం లేదు. నా పక్కన కూర్చున్నాయన చేతిలో చిప్స్ పొట్లం అలాగే ఉండిపోయింది, నోటిదాకా వెళ్లలేదు. రెండో సగంలో ఫ్రీ కిక్‌కి రేచల్ విలియమ్స్ తలతో రెండోది. ఆవిడ మా పాత ప్లేయరే, రెండేళ్ల కిందటి దాకా మా చొక్కానే వేసుకునేది. మూడు నిమిషాలకి మా కీపర్ గోల్ దగ్గర నుంచి మావాళ్లకి పాస్ ఇవ్వబోయి బంతిని నేరుగా వాళ్లకి అప్పజెప్పింది, లూసియా గార్సియా మూడోది వేసింది. తర్వాత నాలుగోది కూడా ఆమే.

ఇంత జరిగినా రెండు నెలల తర్వాత మీరు మాట్లాడుకుంటున్నది ఎవడో కోటీశ్వరుడు ఏ కుర్చీలో కూర్చున్నాడన్న దాని గురించి. టూన్ గోల్ గురించి మాట్లాడుకోవచ్చు కదా? ఓడిన మాకే ఆ గోల్ గుర్తుంది.

సాల్ఫోర్డ్ సుబ్బడు:

నానీ, నువ్వన్నది నిజం. గోల్ పడగానే మా అమ్మాయి సీటు మీదకి ఎక్కి నిలబడింది. వెనకున్న పెద్దావిడకి అడ్డం వస్తోందని దించబోతే, "ఉండనీ నాయనా" అన్నట్టు చెయ్యి ఊపింది ఆవిడ. మ్యాచ్ అయ్యాక పిల్ల అడిగింది, కప్పు ఇచ్చేటప్పుడు మన ఓనర్ ఏడీ అని. స్కూల్లో ఎవరో చెప్పారట కొత్త ఓనర్ వచ్చాడని. ఏం చెప్పను? పని ఉందట అన్నా. ఆదివారం కదా నాన్నా అంది.

ఈ చర్చ మొదలుపెట్టింది ఆ మాట వల్లే.

లెక్కల మాస్టారు:

వైజాగ్ రెడ్ గారు డబ్బుల ప్రస్తావన తెచ్చారు కాబట్టి రెండు అంకెలు నేనూ వేస్తా.

ఈ కప్పు గెలిచినందుకు మహిళల జట్టుకి వచ్చింది 4,30,000 పౌండ్లు. అదే ఎఫ్‌ఏ కప్పు పురుషుల విభాగంలో గెలిస్తే 20 లక్షల పౌండ్లు. అదే సంఘం, అదే కప్పు పేరు, అదే వెంబ్లీ. అంటే మీరన్న "సంపాదించే కొడుకు" సంపాదనలో కొంత భాగం అతని ప్రతిభ, కొంత భాగం ముందే రాసిపెట్టిన వాటా.

రెండో అంకె. ఓల్డ్ ట్రాఫర్డ్ నిండితే సుమారు 74,000 మంది. ఆ రోజు వెంబ్లీలో 76,082. ఎక్కువ జనం చూసిన మ్యాచ్‌ని వదిలి, తక్కువ జనం పట్టే గ్రౌండ్‌కి వెళ్లాడు ఆయన. వ్యాపారస్తుడిగా చూసినా కొత్త మార్కెట్ ఆ వైపే ఉంది.

వైజాగ్ రెడ్:

మాస్టారూ, 76,000లో టోటెన్‌హామ్ వాళ్లెంత, మామూలుగా వచ్చిన కుటుంబాలెంత? టికెట్ ధర ఎంత? పది పౌండ్లకి, ఇరవై పౌండ్లకి వచ్చిన జనాన్నీ, ఏళ్ల తరబడి సీజన్ టికెట్ కట్టేవాళ్లనీ ఒకే కాటాలో తూచకండి.

సాల్ఫోర్డ్ సుబ్బడు:

టికెట్ చవకే, ఒప్పుకుంటా. మా ఇద్దరివీ కలిపినా ఓల్డ్ ట్రాఫర్డ్‌లో నాకొక్కడికి రాదు. కానీ చవక కాబట్టే కదా పిల్లని తీసుకెళ్లగలిగా. రేపు ఈ పిల్ల పెద్దదై ఏ క్లబ్ సీజన్ టికెట్ కొంటుందనుకుంటున్నావు?

పీఈటీ మేడమ్:

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఫుట్‌బాల్ చిన్నప్పటి నుంచీ ప్రాణం.

"ఆడవాళ్ల ఆటకి డబ్బు రాదు, అందుకే వెనక నిలబడాలి" అనే వాదన వింటే నవ్వొస్తుంది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్, సెయింట్ హెలెన్స్ లేడీస్ ఆడితే చూసినవాళ్లు 53,000 మంది. గేట్ల బయట మిగిలిపోయినవాళ్లు వేరే. డిక్ కెర్ అంటే ప్రెస్టన్‌లో ఒక ఫ్యాక్టరీ, మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు తయారుచేసింది. అందులో పనిచేసిన అమ్మాయిల జట్టు అది. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబర్ 5న, ఇదే ఎఫ్‌ఏ ఏం చేసింది? ఈ ఆట ఆడవాళ్లకి తగదు అని తీర్మానం చేసి, తన కింద ఉన్న క్లబ్బుల గ్రౌండ్లేవీ వాళ్లకి ఇవ్వకూడదంది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లు నడిచింది. మొదటి మహిళల కప్ ఫైనల్ 1971లో. సౌతాంప్టన్ గెలిచింది, లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ నేషనల్ స్పోర్ట్స్ సెంటర్‌లో. ఆ ఫైనల్ వెంబ్లీలో అడుగుపెట్టేసరికి 2015.

యాభై ఏళ్లు ఇంటికి తాళం వేసి, తాళం తీశాక "నీ సంపాదన ఏదీ" అని అడగడం ఎలాంటి న్యాయం?

ఇక మా స్కూలు సంగతి ఒకటి. పాత స్కూలు, పేరు వద్దు. మా అమ్మాయిలు మండల స్థాయి పోటీ గెలిచారు. ఆటోలో కప్పు పెట్టుకుని, పాటలు పాడుకుంటూ సాయంత్రం ఐదున్నరకి స్కూలుకొచ్చాం. గేటుకి తాళం. ముందు నెలలో మగపిల్లలు కబడ్డీలో రెండో స్థానం వస్తేనే బ్యాండు పెట్టి తీసుకొచ్చారు. లోపల నుంచి వాచ్‌మన్ వచ్చాడు. కప్పుని అటూ ఇటూ తిప్పి చూసి, కింద చెక్క మీద అంటించిన కాగితం చదివి, "ఫస్టా మేడమ్?" అని అడిగాడు. అవునన్నా. చప్పట్లు కొట్టాడు. ఒక్కడే. పిల్లలు ఆ రోజు గురించి ఇప్పటికీ చెబితే వాచ్‌మన్ చప్పట్ల గురించే చెబుతారు. గెలిచిన స్కోరు ఎవరికీ గుర్తులేదు.

అందుకే వైజాగ్ తమ్ముడూ, ఆయన వచ్చినా రాకపోయినా ఒకటే అనకు. ఆడినవాళ్లకి ఎవరు వచ్చారో గుర్తుంటుంది.

నార్త్ లండన్ నాని:

వాచ్‌మన్ గారికి నా తరఫున ఒక టీ.

కోళికోడ్ కోడలు:

మేడమ్ గారూ, మీరు రాసింది చదివి కళ్లు తడిశాయి. అయినా నేను మీతో విభేదిస్తా.

మా అత్తగారి ఊరు కోళికోడ్. గోకులం కేరళ క్లబ్ ఇక్కడిదే. 2021-22లో వాళ్ల మహిళల జట్టు భారత మహిళల లీగ్ గెలిచి, ఆసియా మహిళల క్లబ్ ఛాంపియన్‌షిప్‌కి అర్హత తెచ్చుకుంది. 2022 ఆగస్టులో తాష్కెంట్ వెళ్లారు. వాళ్లు అక్కడ దిగాక తెలిసింది, అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యని సస్పెండ్ చేసిందని. ఆటలో బయటివాళ్ల పెత్తనం ఎక్కువైందని కారణం. పెద్దమనుషుల కుర్చీల గొడవ అది. దానితో ఈ అమ్మాయిలకి ఏ సంబంధమూ లేదు. క్లబ్ వాళ్లు ప్రధానమంత్రికి విన్నపం పెట్టుకున్నారు, ఆడనిచ్చేలా చూడమని. కుదరలేదు. రెండు వారాలు తిరక్కుండా సస్పెన్షన్ ఎత్తేశారు. అప్పటికి వీళ్ల పోటీ అయిపోయింది. బూట్లు బ్యాగులోంచి తీయకుండానే తిరిగొచ్చారు.

ఆ రోజుల్లో ఫైనల్‌కి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్న ఆలోచనే మాకు లేదు. ఫైనల్‌కి వచ్చి, కప్పు మీద ఓ చెయ్యేసి, ఫొటో దిగి, మూడో రోజు మర్చిపోయే పెద్దలు మనకి కొత్తా? ఒక్క వీఐపీ వస్తాడంటే గంటన్నర ఎండలో నిలబెడతారు అమ్మాయిల్ని. రాట్‌క్లిఫ్ వెంబ్లీకి వచ్చి, రెండు చేతులూ ఊపి, తర్వాత అదే క్యాబిన్లలోకి పంపితే సుబ్బడు గారి బాధ తగ్గేదా? నా మటుకు నాకు వెంబ్లీ అసలు విషయమే కాదు. క్యాబిన్లే విషయం.

లెక్కల మాస్టారు:

కోడలమ్మ మాటకి నా ఓటు. హాజరు పట్టీ కంటే జమా ఖర్చుల పుస్తకం చూడాలి.

సాల్ఫోర్డ్ సుబ్బడు:

రెండూ వేరని ఎందుకు అనుకుంటున్నారు? చిన్న పనికి రాని మనిషి పెద్ద పనికి వస్తాడని నమ్మకం ఏంటి? వెంబ్లీకి రావడానికి పైసా ఖర్చు లేదు. అదే చేయలేదు. జూన్‌లో "వివరాల్లోకి వెళ్లలేదు" అన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు, మే నెలలోనే కనపడింది కాబట్టి.

యునైటెడ్‌కి ఇది పాత జబ్బు కూడా. 2005లో మహిళల జట్టుని మూసేశారు. 13 ఏళ్లు లేదు. 2018లో మళ్లీ పెట్టారు. ఎల్లా టూన్ ఇక్కడికి దగ్గరలోనే పుట్టి పెరిగిన అమ్మాయి, ఊహ తెలిసినప్పటి నుంచీ యునైటెడే. చిన్నప్పుడు యునైటెడ్ బాలికల జట్లలోనే ఆడింది. కానీ పైకి వెళ్లడానికి పెద్దల జట్టే లేదు. బ్లాక్‌బర్న్ వెళ్లింది, తర్వాత మాంచెస్టర్ సిటీకి, అవును మన పక్కింటి సిటీకే, వెళ్లి ఆడింది. మళ్లీ జట్టు పెట్టాక వచ్చింది. ఆ అమ్మాయి వెంబ్లీలో మొదటి గోల్ వేసిన రోజున క్లబ్ పెద్ద అక్కడ ఉండటం ఏదో మెహర్బానీ కాదు, బాకీ.

వైజాగ్ రెడ్:

సరే, ఇది బలమైన మాట. 2005 సంగతి నాకు తెలుసు గానీ టూన్ సంగతి ఇలా కలిపి ఆలోచించలేదు.

కానీ ఒక్కటి చెప్పండి. ఒకే రోజు రెండు మ్యాచ్‌లు పడటం ఆయన తప్పా? లీగ్ సీజన్ చివరి వారాలు, టీవీ వాళ్లు ఏ మ్యాచ్ ఏ గంటకంటే ఆ గంటకే. మన తరఫున అడగాల్సిన మొదటి ప్రశ్న అది. మహిళల ఫైనల్ తేదీ ముందే ఉన్నప్పుడు, అందులో ఆడుతున్న క్లబ్ పురుషుల మ్యాచ్‌ని అదే మధ్యాహ్నం ఎందుకు పెట్టాలి? నేను వైజాగ్‌లో రాత్రి ఏడింటికి ఫైనల్ పెట్టా, తొమ్మిదింటికి రెండోది మొదలైంది. నాకు ఇంట్లో కూర్చుని రెండూ కుదిరాయి. మాంచెస్టర్‌లో ఉండే అభిమానికి కుదరలేదు. ఏదో ఒకటి వదులుకోవాలి. ఓనర్ సంగతి తర్వాత, రెండు జట్లకీ టికెట్ కొనే మామూలు మనిషి సంగతేంటి?

గోడ మీద పిల్లి:

ఓనర్‌కి హెలికాప్టర్ ఉంటుంది కదా. 60వ నిమిషానికి 3-0. అక్కడ లేచినా చాలు.

నార్త్ లండన్ నాని:

60వ నిమిషానికి లేచి వెళ్లిపోతే అప్పుడు ఇంకో చర్చ పెట్టేవాళ్లు: "మధ్యలో లేచిపోయిన యజమాని".

పీఈటీ మేడమ్:

తేదీల విషయంలో వైజాగ్ తమ్ముడు కరెక్ట్. ఇది నాకు తట్టలేదు.

వైజాగ్ రెడ్:

థాంక్స్ మేడమ్. ఇంకో నిజం కూడా ఒప్పుకుంటా. ఆయన ఎంచుకున్న ఆ మ్యాచ్‌లో మనం 1-0తో ఓడాం. చివర్లో కుండపోత వాన. ఓల్డ్ ట్రాఫర్డ్ పైకప్పు కారి, స్టాండ్ మూల నుంచి నీళ్లు జలపాతంలా పడ్డాయి, ఆ వీడియో మీరంతా చూసే ఉంటారు. అంటే నేను "కాలుతున్న ఇల్లు" అన్నానా, నిజానికి అది కారుతున్న ఇల్లు. యజమాని దగ్గరుండి చూసుకోవాల్సిన ఇల్లే!

అయితే క్యాబిన్ల విషయంలో నేను మీ వైపు పూర్తిగా రాలేను. పని జరుగుతున్నప్పుడు ఎవరో ఒకరు సర్దుకోవాలి. తాత్కాలికమే కదా.

కోళికోడ్ కోడలు:

ఆ "ఎవరో ఒకరు" ప్రతిసారీ ఒక్కరే అవుతుంటే దాన్ని సర్దుకోవడం అనరు బాబూ. ఆ బిల్డింగ్ మొదలైంది 2023 ఆగస్టులో. గృహప్రవేశం చేసి ఏడాది కాలేదు. ఇంటికి చుట్టాలొస్తే ఎవరి గది ఖాళీ చేయిస్తారో మనందరి ఇళ్లలో తెలిసిందే. అన్నయ్యకి పరీక్షలుంటాయి, ఆడపిల్ల హాల్లో పడుకుంటుంది. ఆమెకీ పరీక్షలే.

వైజాగ్ రెడ్:

...మా ఇంట్లో కూడా అలాగే జరిగేది. మా చెల్లి చదువుతోంది ఈ చర్చ, ఇప్పుడే పక్క గదిలోంచి నవ్వు వినిపించింది.

లెక్కల మాస్టారు:

చెల్లెమ్మ ఏమంటోంది?

వైజాగ్ రెడ్:

"వెంబ్లీకి వెళ్లకపోతే పోయాడు, గది మాత్రం ఇవ్వమను" అంటోంది.

పీఈటీ మేడమ్:

మంచి మాట. మా దగ్గరి అమ్మాయి సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి వెళ్లింది. నిజామాబాద్ నుంచి జాగ్రెబ్! మా పిల్లలకి ఆ ఊరు మ్యాప్‌లో చూపించడానికి అట్లాస్ తెచ్చి పెట్టా స్టాఫ్ రూమ్‌లో. ఆ పేజీ ఒక్కటే నలిగిపోయింది. ఇలాంటి పిల్లలు రేపు ఏదో ఒక పెద్ద క్లబ్‌కి వెళ్తారు. అక్కడ వాళ్లకి గది ఉంటుందా, క్యాబిన్ ఉంటుందా అన్నది నాకు చాలా దగ్గర విషయం. లండన్, మాంచెస్టర్ గొడవలా అనిపించదు.

నార్త్ లండన్ నాని:

సుబ్బడు అన్నా, మీ కీపర్ మేరీ ఎర్ప్స్ కూడా వెళ్లిపోయిందిగా, పారిస్‌కి. కెప్టెన్ కేటీ జెలెమ్ కూడా లేదు. కప్పు గెలిచిన జట్టు రెండు నెలల్లో ఇలా విడిపోతే మా టోటెన్‌హామ్‌ని చూసి మీరే జాలిపడటం ఏం బాగుంటుంది?

సాల్ఫోర్డ్ సుబ్బడు:

ఎర్ప్స్ వెళ్లిందని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. మా అమ్మాయి చొక్కా వెనక ఆవిడ పేరే ఉంది, నంబర్ 27. ఒప్పందం అయిపోయింది, ఆవిడ వేరే క్లబ్ చూసుకుంది, దీన్ని మొత్తంగా రాట్‌క్లిఫ్ నెత్తిన రుద్దను. లీగ్‌లో ఐదో స్థానంలో ఆగిపోయాం, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో చోటు లేదు. ఆ కారణం కూడా ఉండొచ్చు.

వైజాగ్ తమ్ముడికి ఒక మాట. మే 25న పురుషుల జట్టు కూడా వెంబ్లీలో సిటీ మీద 2-1తో ఎఫ్‌ఏ కప్ గెలిచింది. ఒకే ఏడాది రెండు కప్పులూ యునైటెడ్‌వే. అది చూసి నేనూ గంతులేశా, అబద్ధం ఎందుకు. ఆ ఫైనల్‌కి మాత్రం రాట్‌క్లిఫ్ వెంబ్లీలోనే ఉన్నాడు. మా అమ్మాయి టీవీలో చూసి, "ఓ, ఈయనకి దారి తెలుసు" అంది.

గోడ మీద పిల్లి:

ఈ పిల్లని మాకు ప్రెసిడెంట్‌గా పెట్టండి.

వైజాగ్ రెడ్:

నేను ఓడిపోయా అనను. మే 12న ఆయన స్థానంలో ఉంటే నేనూ ఓల్డ్ ట్రాఫర్డ్‌కే వెళ్లేవాణ్ణేమో. కానీ సోమవారం పొద్దున్నే కారింగ్టన్ వెళ్లి ఆ అమ్మాయిలతో కూర్చుని టీ తాగేవాణ్ణి. ఇంటర్వ్యూలో ఆ మాట అనేవాణ్ణి కాదు. ఇంతవరకు వచ్చా, ఇక లాగకండి.

సాల్ఫోర్డ్ సుబ్బడు:

లాగను. సెప్టెంబర్‌లో మహిళల లీగ్ మొదలవుతుంది. మన మ్యాచ్‌లు మాంచెస్టర్ దగ్గర లీ (Leigh) అనే ఊళ్లో, చిన్న స్టేడియం, సుమారు 12,000 పడతారు. మా ఇంటి నుంచి కారులో వెళ్తాం. మాంచెస్టర్, బోల్టన్ వైపు తెలుగువాళ్లు ఎవరైనా రావాలనుకుంటే మెసేజ్ పెట్టండి. వెనక సీట్లో ఇద్దరికి చోటుంది. పులిహోర మా ఆవిడ కడుతుంది.

వైజాగ్ రెడ్:

పులిహోర అన్నాక ముందే చెప్పాల్సింది, మొదటి పోస్టులోనే ఒప్పుకునేవాణ్ణి.